జీటీ-ఆర్ ఆగిపోయింది ఎప్పుడు?

2025 ఆగస్టు 26న జపాన్‌లోని టొచిగి కర్మాగారంలో మిడ్‌నైట్ పర్పుల్ రంగు కారు ఒకటి అసెంబ్లీ లైను దిగింది. నిస్సాన్ జీటీ-ఆర్‌లలో ఆర్35 అని పిలిచే తరానికి అదే ఆఖరి బండి. 2007లో మొదలైన ఆ తరం పద్దెనిమిదేళ్లలో దాదాపు 48 వేల కార్లతో ముగిసింది. వార్త వచ్చిన రోజు ఎక్కడ చూసినా ఒకటే మాట: పొగ నిబంధనలు, చప్పుడు పరిమితులు, ఎలక్ట్రిక్ కార్లు అన్నీ కలిసి ఒక గొప్ప పెట్రోలు కారును బలి తీసుకున్నాయని. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆ కారు చరిత్రను, అమ్మకాల లెక్కలను, అదే కాలంలో బతికిన కార్లను, ఆగిపోయిన కార్లను పక్కపక్కన పెట్టి చూస్తే వేరే సంగతి బయటపడుతుంది. ఆర్35 ఆగిపోయింది 2025లో కాదు. దాని తర్వాతి తరం మీద కంపెనీ డబ్బు పెట్టకుండా గడిపేసిన ఏళ్లలోనే అది ఆగిపోయింది. డబ్బు పెట్టలేకపోవడానికి మూలం ఇంకా వెనక, ఆ కారు పుట్టిన తీరులోనే ఉంది. తన ఖర్చు పంచుకునే మామూలు కారు ఒక్కటి కూడా పక్కన లేకుండా పుట్టిన కారు అది.

ముందు ఆ కారు ఏమిటో కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే దాన్ని గొప్ప చేసినవీ, దానికి వారసుడు లేకుండా చేసినవీ ఒకటే. 3.8 లీటర్ల వీ6 ఇంజిన్, రెండు టర్బోలు. యొకొహామాలో దుమ్ము చొరబడని, వేడి చలీ మారని ప్రత్యేకమైన గదిలో ఒక్కో ఇంజిన్‌ను మొదటి బోల్టు నుంచి చివరి బోల్టు దాకా ఒక్కరే చేత్తో కూర్చేవారు. ఆ పని చేసే అర్హత మొత్తం తొమ్మిది మందికే ఉండేది. వాళ్లను తకుమి అంటారు, చేయి తిరిగిన పనివాళ్లని అర్థం. కూర్చిన మనిషి పేరు చెక్కిన చిన్న లోహపు పలక ఆ ఇంజిన్ మీదే బిగించేవారు. సిలిండర్లలో మామూలుగా ఉండే పోత ఇనుము లైనర్లు ఇందులో లేవు. వాటికి బదులు ప్లాస్మాతో చిమ్మిన పూత ఉంటుంది, దాని మందం మిల్లీమీటరులో ఏడో వంతు. గేర్‌బాక్సు ఇంజిన్‌ను అంటుకుని కాకుండా వెనక చక్రాల మధ్య ఉంటుంది, బరువు ముందూ వెనకా సరిపోవాలని. నాలుగు చక్రాలకూ శక్తి పంపడానికి ఇంజిన్ నుంచి వెనక్కి ఒక షాఫ్టు, వెనక నుంచి మళ్లీ ముందుకు ఇంకో షాఫ్టు. టైర్లలో గాలికి బదులు నైట్రోజన్. ప్రధాన ఇంజినీరు కజుతొషి మిజునో పెట్టుకున్న లక్ష్యం కూడా పెద్దదే: ఎవరు నడిపినా, ఏ వాతావరణంలోనైనా, ఎక్కడైనా సూపర్‌కారు వేగం అందాలి. మొదట 480 హార్స్‌పవర్‌తో వచ్చిన కారు తర్వాత 570కి, రేసు తరహాలో చేసిన నిస్మో రకంలో 600కి ఎదిగింది. 2013లో నిస్మో రకం జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్ ట్రాకును 7 నిమిషాల 8 సెకన్లలో చుట్టి వచ్చింది. జపాన్‌లో మొదటి ధర 77.7 లక్షల యెన్‌లు. యూరప్ కార్లు అంతకు ఎన్నో రెట్ల ధర చెబుతున్న రోజుల్లో ఆ పనితనం ఆ డబ్బుకు దొరకడం నిజంగా అబ్బురమే.

ఇప్పుడు వెనక్కి వెళదాం. మొదటి జీటీ-ఆర్ 1969లో వచ్చింది. అది కొత్తగా కనిపెట్టిన కారు కాదు, స్కైలైన్ అనే కుటుంబ కారుకే రేసు ఇంజిన్ పెట్టిన రూపం. రెండో తరం 1973లో వచ్చి 197 కార్లకే ఆగిపోయింది. ఒకవైపు కొత్త పొగ నిబంధనలు, ఇంకోవైపు అదే ఏడు చమురు సంక్షోభం. ఆ తర్వాత పదహారేళ్లు జీటీ-ఆర్ అనే పేరే లేదు. కానీ స్కైలైన్ మాత్రం తరం తర్వాత తరంగా వస్తూనే ఉంది, మామూలు ఇళ్ల ముందు నిలబడుతూనే ఉంది. అందుకే 1989లో ఎనిమిదో తరం స్కైలైన్ వచ్చినప్పుడు దాని ఒళ్లోంచి ఆర్32 జీటీ-ఆర్ మళ్లీ పుట్టగలిగింది. జపాన్ టూరింగ్ కార్ల పోటీల్లో 1990 నుంచి 1993 వరకు బరిలో దిగిన 29 రేసులూ అది గెలిచింది. ఆస్ట్రేలియా పత్రిక ఒకటి దానికి గాడ్జిల్లా అని పేరు పెట్టింది. ఇక్కడ పట్టుకోవలసింది గెలుపుల సంఖ్య కాదు, తయారైన కార్ల సంఖ్య. ఆర్32 జీటీ-ఆర్‌లు దాదాపు 44 వేలు తయారయ్యాయి, అదీ అయిదారేళ్లలోనే. ప్రపంచమంతా అమ్మిన ఆర్35 పద్దెనిమిదేళ్లకు చేరిన సంఖ్యకు అది నాలుగు వేలే తక్కువ. ఆర్33 పదహారు వేలు దాటింది, ఆర్34 పన్నెండు వేల లోపే ఆగింది. జపాన్‌లో ఆస్తుల బుడగ పగిలిన తర్వాత కొనేవాళ్లు తగ్గారు, లెక్క కూడా తగ్గుతూ వచ్చింది. 2002 ఆగస్టులో, కొత్త పొగ నిబంధనల గడువు ముగిసే వేళ, ఆర్34తో పాటు టొయోటా సుప్రా, మాజ్డా ఆర్ఎక్స్-7, నిస్సాన్ సిల్వియా కూడా ఆగిపోయాయి. నాలుగు పేరున్న కార్లు ఒకే నెలలో పోయాయంటే చట్టం చేసిన పనే అనిపిస్తుంది. కానీ అదే నెలలో అదే నిబంధన దాటి అమ్ముడైన కార్లు జపాన్‌లో లక్షల్లో ఉన్నాయి. ఆ నాలుగింటికి లేనిది ఇంజిన్‌ను సరిచేసుకునే సాంకేతికత కాదు, ఆ ఖర్చును వెనక్కి రాబట్టే అమ్మకాలు.

2007లో నిస్సాన్ పెద్ద నిర్ణయం తీసుకుంది. జీటీ-ఆర్ పేరు ముందున్న స్కైలైన్‌ను తీసేసింది. పేరుతో పాటు చుట్టరికమూ తెగింది. ఆర్35కు సొంత ప్లాట్‌ఫారం, సొంత ఇంజిన్, సొంత గేర్‌బాక్సు. టొచిగిలో మిగతా కార్లు వచ్చే లైను మీదే అది కూడా వచ్చేది, కానీ భాగాలు మాత్రం దాదాపుగా దేనితోనూ కలవవు. పంచుకునే బాధ్యత లేకపోబట్టే మిజునో బృందం అంత ధైర్యంగా ఆలోచించగలిగింది. మామూలు సెడాన్ మీద కట్టాల్సి వచ్చి ఉంటే గేర్‌బాక్సు వెనక్కి వెళ్లేదే కాదు. ఆ స్వేచ్ఛకు చెల్లించాల్సిన బాకీ తర్వాత వచ్చింది. 48 వేలను పద్దెనిమిదితో భాగిస్తే ఏడాదికి 2,700 లోపే. ఒక్కో కొత్త నిబంధనకు పరీక్షలు, మార్పులు, ధ్రువపత్రాలు చేయించాలంటే అయ్యే ఖర్చంతా ఆ 2,700 కార్ల మీదే పడాలి. అందుకే ధర ఆగకుండా పెరిగింది. 2025 నాటికి జపాన్‌లో కనీస ధర 1 కోటీ 44 లక్షల యెన్‌లు దాటింది, మొదటి ధరకు రెట్టింపుకు దగ్గర. ధర పెరిగితే కొనేవాళ్లు తగ్గుతారు, కొనేవాళ్లు తగ్గితే ఒక్కో కారు మీద పడే భారం ఇంకా పెరుగుతుంది. ఆర్32 నుంచి ఆర్33కి ఆరేళ్లు పట్టింది, ఆర్33 నుంచి ఆర్34కి నాలుగేళ్లు. ఆర్35 నుంచి ఆర్36కి పద్దెనిమిదేళ్లయినా దారి కనబడలేదు. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఇదే.

చట్టాలే కారణమనే వాదాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. 2021లో ఆస్ట్రేలియా నుంచి జీటీ-ఆర్ వెళ్లిపోయింది, పక్క నుంచి స్తంభానికి గుద్దుకున్నప్పటి భద్రత గురించిన నిబంధన వల్ల. 2022లో యూరప్ వదిలింది, చప్పుడు పరిమితి వల్ల. జపాన్‌లో అప్పటికే తయారవుతున్న దేశీయ మోడళ్లకు కూడా ప్రమాదం పసిగట్టి తనంతట తాను బ్రేకు వేసే వ్యవస్థ తప్పనిసరి అయ్యే గడువు 2025 డిసెంబరు. ఆర్35లో అది లేదు. తేదీలు చూస్తే ప్రతిసారీ చట్టం వెనకాలే నిష్క్రమణ ఉంది, కాదనలేం. కానీ ఆ చట్టాలు కోరినవి అసాధ్యాలేమీ కావు. తనంతట తాను బ్రేకు వేసే వ్యవస్థ జపాన్‌లో అత్యంత చిన్న కార్లలో కూడా ఉంది. 2007 నాటి వైరింగు, కంప్యూటర్ల మీద కట్టిన కారులో దాన్ని ఇరికించడమే కష్టం, దానికి ఆ కారు నాడీమండలాన్నంతా మార్చాలి. ఇక పోర్షె 911 కూడా ఆస్ట్రేలియాలో అదే నిబంధన ముందు, యూరప్‌లో అదే చప్పుడు పరిమితి ముందు నిలబడింది. అన్నీ దాటి ఇప్పటికీ అమ్ముడవుతోంది. 2023లో పోర్షె ప్రపంచవ్యాప్తంగా 50,146 911లను కొనుగోలుదారులకు అందించింది, 2024లో 50,941. అంటే ఆర్35 జీవితకాలమంతా కలిపినా పోర్షె ఒక్క ఏడాదిలో అమ్మే 911ల కంటే తక్కువే. చట్టం ఇద్దరినీ అడిగింది ఒకటే, దానికి పెట్టాల్సిన ఖర్చును ఒకరు యాభై వేల మీద పంచగలరు, ఇంకొకరు మూడు వేల మీద కూడా పంచలేరు.

పోర్షెది వేరే స్థాయి, దానితో పోల్చడం న్యాయం కాదని ఎవరైనా అనవచ్చు. అయితే పోర్షెనే పోర్షెతో పోల్చి చూద్దాం. 2024లో యూరోపియన్ యూనియన్‌లో కార్ల సైబర్ భద్రత నిబంధనలు పూర్తిగా అమల్లోకి వచ్చినప్పుడు 718 బాక్‌స్టర్, కేమన్‌లను ఆ కంపెనీ అక్కడ అమ్మకం నుంచి తీసేసింది. ఆ కార్ల ఎలక్ట్రానిక్స్ పాతవి, వాటి వారసులు ఎలక్ట్రిక్‌గా వస్తారని అప్పటికే అనుకున్నారు, కాబట్టి వాటి మీద ఇంకా ఖర్చు దండగని తేల్చుకున్నారు. 2025 అక్టోబరులో వాటి తయారీ పూర్తిగా ఆగింది. అదే కంపెనీ, అదే చట్టం, అదే ఏడాది. 911 నిలిచింది, 718 పోయింది. ఎలక్ట్రిక్ గిరాకీ అనుకున్నంత రాకపోవడంతో 718 పైస్థాయి రకాలకు మళ్లీ పెట్రోలు ఇంజిన్ పెడతామని 2025లో పోర్షె ప్రకటించింది. చట్టం అక్కడే ఉంది, అంచనా మారగానే కారుకు దారి దొరికింది.

సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ ఎస్‌టీఐ ఇంకా మంచి ఉదాహరణ. పైకి చూస్తే దానికి కుటుంబం ఉంది, డబ్ల్యూఆర్ఎక్స్ ఈనాటికీ అమ్ముతున్నారు. కానీ ఎస్‌టీఐ లోపల ఉన్నది 1989 నాటి ఈజే వరుస ఇంజిన్. కంపెనీలోని మిగతా కార్లన్నీ కొత్త ఇంజిన్లకు మారిపోయాక అది ఒక్కటే ఆ పాత వరుసను మోస్తూ మిగిలింది. 2022లో కొత్త డబ్ల్యూఆర్ఎక్స్ మీద పెట్రోలు ఎస్‌టీఐ రాదని సుబారు చెప్పేసింది. ఇంజిన్ ఒంటరిదైతే చాలు, కారుకు చుట్టాలున్నా లాభం లేదు. మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్‌ది దీనికి తిరగేసిన కథ. లాన్సర్ మన రోడ్లకూ తెలిసిన పేరే, హిందుస్థాన్ మోటార్స్ తమిళనాడులోని తిరువళ్లూరులో దాన్ని తయారుచేసింది. ఎవల్యూషన్‌కు ఆ లాన్సరే నేల. మిత్సుబిషి తన దృష్టిని ఎస్‌యూవీల వైపు మళ్లించి లాన్సర్‌ను పట్టించుకోవడం మానేశాక దాని మీద పెరిగిన ఎవల్యూషన్ కూడా 2016తో ముగిసింది.

నా వాదానికి అడ్డు నిలిచే ఉదాహరణ అమెరికాలో ఉంది. డాడ్జ్ ఛాలెంజర్, ఛార్జర్ పెద్ద సంఖ్యలో అమ్ముడుపోతూ వచ్చిన కార్లే. అయినా 2023 చివర కెనడాలోని బ్రాంప్టన్ కర్మాగారంలో వాటి తయారీ ఆగింది. కంపెనీ కార్లన్నింటి సగటు మీద లెక్కగట్టే ఇంధన, పొగ నిబంధనలు ఆ నిర్ణయం వెనక బలంగా ఉన్నాయి. ఇక్కడ చట్టం పాత్ర చిన్నది కాదని ఒప్పుకోవాలి. అయితే తర్వాత జరిగింది కూడా చూడాలి. పికప్ ట్రక్కు ర్యామ్ 1500 నుంచి తీసేసిన హెమీ వీ8 ఇంజిన్‌ను కొనేవాళ్ల ఒత్తిడి తట్టుకోలేక కంపెనీ 2025లో తిరిగి తెస్తున్నట్టు ప్రకటించింది. ఆ తర్వాత అమెరికా జరిమానాలు కూడా సడలాయి. ముందు తిరిగి వచ్చింది ఎందులో? ఏడాదికి లక్షల్లో అమ్ముడుపోయే ట్రక్కులో. చట్టం బిగిసినా సడలినా దాని ఫలితం ఏ కారు మీద పడుతుందో తేల్చేది మళ్లీ సంఖ్యే.

ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక ఇలాంటి పెట్రోలు కార్లకు కాలం చెల్లిందనే వాదం ఇంకొకటి. దీని మీద ఎక్కువసేపు ఆగనవసరం లేదు. 718 ఉదాహరణే జవాబు. జీటీ-ఆర్ విషయంలో చూసినా, 2023లో టోక్యోలో నిస్సాన్ చూపించిన హైపర్ ఫోర్స్ అనే వెయ్యి కిలోవాట్ల ఎలక్ట్రిక్ నమూనాకు కావలసిన సాలిడ్ స్టేట్ బ్యాటరీ ఇంకా మార్కెట్లోకే రాలేదు. రాని కారు ఉన్న కారును పక్కకు నెట్టలేదు.

కొనేవాళ్లు లేకనే ఆపారంటే అభిమానులు గట్టిగా అడ్డుపడతారు, వాళ్ల దగ్గర రుజువూ ఉంది. చివరి ఏళ్లలో జపాన్‌లో జీటీ-ఆర్ కొనాలంటే లాటరీలో పేరు రావాల్సి వచ్చింది. అంత గిరాకీ ఉన్న కారును ఎవరైనా ఆపుతారా? ఈ ప్రశ్నలో న్యాయం ఉంది, కానీ ఆ వరుసలో నిలబడ్డవాళ్లు కొంటున్నది ఇక దొరకదు అనుకున్న కారును. రేపటి నుంచి మూతపడే హోటలు ముందు ఈరోజు కనిపించే జనాన్ని చూసి అది ఏడాది పొడుగునా నిండుతుందని లెక్క వేయలేం. కొత్త ప్లాట్‌ఫారం, కొత్త ఇంజిన్ తయారుచేయడానికి పట్టే ఏళ్లూ డబ్బూ ఆ ఆఖరి వరుసతో తీరేవి కావు. పైగా 2024-25 ఆర్థిక సంవత్సరంలో నిస్సాన్ నష్టం 67 వేల కోట్ల యెన్‌లు దాటింది. 20 వేల ఉద్యోగాలు తీసేస్తామని, 17 కర్మాగారాలను పదికి తగ్గిస్తామని ఆ ఫలితాలతో పాటే ఆ కంపెనీ చెప్పింది. పోయేది వేల కుటుంబాల జీతం అయినప్పుడు ఏడాదికి 2,700 కార్ల కోసం కొత్త పెట్టుబడి అడగడానికి ఎవరికీ నోరు రాదు.

ఇన్నిటిలోకీ బలమైన అభ్యంతరం వేరే ఉంది. ఇలాంటి కారును దాని సొంత జమాఖర్చుతో కొలవకూడదు, అది కంపెనీ పేరుకు వెలుగు, ఆ వెలుగులో మిగతా కార్లు అమ్ముడుపోతాయి అంటారు. నేను ఈ మాటను గౌరవిస్తాను. గ్రాన్ టురిస్మో వీడియో గేమ్‌లో, ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ సినిమాల్లో స్కైలైన్‌ను చూసి నిస్సాన్ పేరు నేర్చుకున్న పిల్లలు హైదరాబాద్, విజయవాడల్లోనూ ఉన్నారు. కానీ ఆ వెలుగు పడడానికి షోరూములో ఏదో ఒక కారు నిలబడి ఉండాలి. 2016 డిసెంబరులో జీటీ-ఆర్ భారత్‌కు వచ్చింది, ఢిల్లీ షోరూము ధర 1 కోటీ 99 లక్షలు. అప్పుడు అదే కంపెనీ ఇక్కడ అమ్ముతున్నవి మైక్రా, సన్నీ, టెరానో. కోటీ 99 లక్షలకూ ఈ కార్ల ధరలకూ మధ్య అదే రక్తం ఉన్న మెట్టు ఒక్కటీ లేదు. మైక్రా, సన్నీ ఆ తర్వాత పోయాయి, 2025 నాటికి ఇక్కడి అమ్మకాలు దాదాపుగా మాగ్నైట్ ఒక్కదాని మీదే నిలిచాయి. దీనికి ఎదురుగా టొయోటా చేసింది చూడండి. 2020లో యారిస్ పేరుతోనే జీఆర్ యారిస్ తెచ్చింది, దాని మూడు సిలిండర్ల ఇంజిన్‌నే తర్వాత జీఆర్ కొరొల్లాకూ పెట్టింది. వెలుగూ మెట్లూ ఒకే ఇంట్లో ఉన్నాయి. మన దేశంలో ఆ కింది మెట్టు ఎలా పోయిందో చెప్పడానికి ఫోక్స్‌వ్యాగన్ పోలో చాలు. 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్ఐ మధ్యతరగతికి అందిన హుషారైన చిన్న కారు. 2022లో 700 లెజెండ్ ఎడిషన్లతో పోలో సెలవు తీసుకుంది. 2025లో అదే కంపెనీ గోల్ఫ్ జీటీఐని తెచ్చింది, ధర 53 లక్షలు. నిలిపివేతల్లో నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే. కోట్ల కార్లు ఏదో రూపంలో తిరిగి వస్తాయి. జీతం మీద బతికేవాడు అయిదారేళ్లు దాచుకుని కొనగల మెట్టు ఒకసారి విరిగితే దాన్ని మళ్లీ ఎవరూ అతికించడం లేదు.

పంచుకోవడమే మందు అని తేల్చేసినా చిక్కే. 2019లో టొయోటా సుప్రాను బీఎండబ్ల్యూ జెడ్4తో కలిపి కట్టారు, రెండూ ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఒకే చోట తయారయ్యాయి, చివరికి రెండింటికీ ముగింపు ప్రకటించారు. తక్కువ అమ్ముడయ్యే కారు ఇంకో తక్కువ అమ్ముడయ్యే కారుతో ఖర్చు పంచుకుంటే బరువు సగమవుతుంది తప్ప పోదు. 1986 నుంచి ఈనాటి వరకు తరం తర్వాత తరంగా వస్తున్న బీఎండబ్ల్యూ ఎం3 వెనక ఉన్నది 3 సిరీస్ లాంటి మహావృక్షం. జీటీ-ఆర్ ఎప్పటికైనా తిరిగి వస్తుందని, ఓపిక పట్టమని నిస్సాన్ అధినేత ఇవాన్ ఎస్పినోసా చెప్పారు. ఆ మాటలో నిజాయితీ లేదని నేను అనను. కానీ 1973 తర్వాత పదహారేళ్ల విరామాన్ని దాటించినది స్కైలైన్. ఈసారి ఆ పని చేసే మామూలు కారు ఏది అన్న ప్రశ్నకు జవాబు వచ్చే దాకా, రాబోయే మోటార్ షోలో ఏ నమూనా మీద ముసుగు తీసినా నమ్మకం పెట్టుకోలేం.

అంతవరకు కంపెనీ చేయగల పని ఒకటుంది, దాన్ని అడిగే హక్కు కొన్నవాళ్లకుంది. 2017లో నిస్సాన్ ఆర్32 జీటీ-ఆర్ కోసం ఆగిపోయిన విడిభాగాలను మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టింది, తర్వాత ఆర్33, ఆర్34లకు కూడా చేసింది. ఆర్32 ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటాక, చాలామంది దొరికిన భాగాలతో సర్దుకున్నాక మొదలైన పని అది. ఆర్35కు అంత ఆలస్యం అవసరం లేదు. 48 వేల ఇంజిన్ల మీద పేర్లు చెక్కించుకున్నవాళ్లకు ఏ బోల్టు ఎంత బిగించాలో చేతికి ఇంకా గుర్తుండే ఉంటుంది. ఆ పనిని రాసి పెట్టి, కొత్తవాళ్లకు నేర్పాల్సిన సమయం ఇప్పుడే.